యెషయ్య మేస్టారి ఎద్దు వేషం

ఆ క్రిస్మస్ ముందు తిమోతి నెత్తిన పిడుగు పడింది. క్రీస్తు జనన నాటకంలో క్రూర రాజు హేరోదు వేషం అతనికి రాలేదు.

తిమోతి అంటే సామాన్యుడా! దివిసీమలో అతను మైకు ముందు నిలబడి రాగం అందుకుంటే కృష్ణ అవతలి గట్టున మేస్తున్న గేదెలు మెడలెత్తేవి. "వన్స్ మోర్" అని అరిచి అరిచి ఊళ్లకు ఊళ్లే గొంతులు పోగొట్టుకుని, మర్నాడు సైగలతో కూరగాయలు కొనుక్కునేవి. అలాంటివాడికి గురువు యెషయ్య మేస్టారు ఇచ్చిందేమిటి? తూర్పు దేశం నుంచి బాలయేసును చూడవచ్చే ముగ్గురు జ్ఞానుల్లో మూడోవాడి వేషం. చేతిలో ఆ బిడ్డకు కానుకగా ఇవ్వాల్సిన పరిమళ బోళం భరిణె. నోటికి ఒకే ఒక్క పద్యం.

"నాకా మేస్టారూ?" అన్నాడు తిమోతి, గుండె మీద చెయ్యేసుకుని.

"నీకే. బాగా చేశావంటే నా హార్మోనియం నీది."

 ఆ హార్మోనియం ఎవరి ముందుంటే నాటక సమాజం వాళ్లదే. కుర్రతనం నుంచి మేస్టారి వెంట ఊరూరా తిరిగింది దానికోసమే కదా! ఒక్క పద్యమైతేనేం, దాన్నే సముద్రం చేస్తాననుకున్నాడు తిమోతి.

రిహార్సల్లో అందరికీ షరతు పెట్టాడు. "నేను రాగంలో ఉండగా ఎవరూ కదలకూడదు. మరియమ్మ రెప్ప వెయ్యకూడదు. యోసేపు దగ్గకూడదు. గొర్రెల కాపరులు వీపు గోక్కోకూడదు."

"ఆ పద్యం ఎవరికి పాడతావురా?" అని అడిగారు మేస్టారు.

"ఇదేం ప్రశ్న మేస్టారూ! జనానికి."

మేస్టారు అటక మీదున్న అట్ట ఎద్దు తలకాయ దింపించి, దుమ్ము దులిపి, తన తలకు పెట్టుకుని చూసుకున్నారు.

తిమోతి కళ్లు నులుముకుని చూశాడు. మేస్టారంటే హేరోదుగా గుడ్లురిమితే తల్లులు పిల్లల్ని కొంగుల్లో దాచుకునే మహానుభావుడు! జమీందార్లు లేచి దండం పెట్టిన మనిషి! గోనెపట్టా కప్పుకుని మోకాళ్ల మీద పాకుతారా?

"మీరు... ఎద్దా?"

"ఎవరో ఒకరు ఉండాలి కదరా," అన్న మాట అట్ట తలకాయలోంచి వినబడింది.

పండుగ సాయంత్రం చర్చి ఆవరణలో ఇసుకేస్తే రాలనంత జనం. తిమోతి జరీ అంగీతో దిగాడు. నేరుగా మైకు దగ్గరికి నడిచి, పశువుల తొట్టికి వీపు పెట్టి, పద్యం ఎత్తుకున్నాడు. ఆ రాగానికి చర్చి గంట తనంతట తానే మోగింది. విన్నవాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

"వన్స్ మోర్!"

మళ్లీ పాడాడు. ఈలలు. మూడోసారి, ఆఖరి పాదానికి ముందు, రాగాన్ని ఆకాశానికెత్తి అక్కడే నిలబెట్టి, చప్పట్ల కోసం చేతులు చాపాడు.

చప్పుడు లేదు.

జనమంతా లేచి నిలబడి ఉన్నారు. కానీ ఒక్కరూ తనను చూడటం లేదు. మెడలు సాచి, తన భుజం పక్కనుంచి వెనక్కి చూస్తున్నారు. స్టేజీ మీద జన్మలో చెయ్యని పని చేశాడు తిమోతి. వెనక్కి తిరిగాడు.

తొట్టిలో ఉన్నది బొమ్మ కాదు, మరియమ్మ వేషం వేసిన సలోమి నెలల బిడ్డ. ఎప్పుడు జారిందో, కప్పిన గుడ్డ కింద పడి ఉంది. బిడ్డ చలికి వణికింది కాబోలు. రాగం నడుస్తోంది గనక తల్లి కదల్లేదు. నీళ్లు నిండిన కళ్లతో తిమోతి వీపునే చూస్తూ కూర్చుంది. యోసేపు కదల్లేదు. ఎద్దు కదిలింది. మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, తొట్టిలో మూతి పెట్టి, ఆ చిన్ని పాదాల మీద వెచ్చగా ఊపిరి వదులుతోంది. బిడ్డ అట్ట కొమ్ము పట్టుకుని నవ్వుతోంది.

తిమోతి గొంతులో పద్యం అక్కడే ఆగిపోయింది. బోళం భరిణె ఇంకా చేతిలోనే ఉంది. ఇవ్వడం మరిచిపోయాడు.

జరీ అంగీ విప్పి బిడ్డకు కప్పాడు. జనానికి వీపు పెట్టి మోకరించాడు.

ఎద్దు అతని చెవి దగ్గరికి వంగి గొణిగింది. "వచ్చావా నాయనా? తూర్పు నుంచి ఇంతసేపా!"

తెర పడ్డాక మేస్టారు తలకాయ తీసి, మీసాల్లో చిక్కుకున్న గడ్డిపరకలు ఏరుకుంటూ, "హార్మోనియం నీ సైకిలుకు కట్టుకో," అన్నారు.

తిమోతి తలెత్తలేదు. "పద్యం పూర్తి చెయ్యలేదు కదా మేస్టారూ."

"ఎద్దు మాత్రం ఏం పాడిందిరా?" అన్నారు మేస్టారు.