బిరుదుల చాటింపు

వెనకటికి మల్లభూపతి అనే రాజు ఏలిన ఒక చిన్న రాజ్యంలో, పొద్దు వాలేవేళకు సంత మైదానంలో ఊరి కబుర్లు చాటించేవారు. ఎవరి గేదె తప్పిపోయింది, ఏ రేవులో పడవ ఆగింది, ఏ పొలాలకు కాలువ వదులుతారు, ఇలాంటివి. కబుర్లు పోగుచేసి చాటే పని కూచనది. కొలువులో చమత్కారిగా అతనికి పేరుండేది.

ఒకనాడు కూచన, "కాలువల అధికారి నాగదేవుడుగారు రేపు తూము చూడవస్తారు" అని చాటాడు. నాగదేవుడికి మనసు చివుక్కుమంది. మంత్రి భాస్కరప్రెగ్గడ దగ్గరికి వెళ్లి వాపోయాడు.

"నాకు మూడు బిరుదులున్నాయి. ఒక్కటీ పలకలేదండి."

"నావి ఆరు. వాడు నన్నూ వట్టి మంత్రిగారనే అంటున్నాడు" అన్నాడు ప్రెగ్గడ.

ఇద్దరూ కలిసి రాజు చెవిన వేశారు. బిరుదులంటే రాజుకూ మోజే. ఇకమీదట ఏ అధికారి పేరు వచ్చినా, వచ్చిన ప్రతిసారీ, బిరుదులన్నీ పలకవలసిందేనని ఆజ్ఞ వేశాడు.

మర్నాడు కూచన అలాగే చాటాడు. బిరుదులు వినీ వినీ జనం ఆవలించారు. చీకటి పడుతుంటే ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు. తూర్పు పొలాలకు ఆ రాత్రే నీళ్లు వదులుతారన్న మాట చిట్టచివర వచ్చింది. వినడానికి అక్కడ ఎవరూ మిగలలేదు. పొలాల్లోకి నీళ్లు మళ్లించే మడవలు తీసేవాళ్లు లేక నీళ్లన్నీ వాగుపాలయ్యాయి.

పొద్దున్నే తూర్పువీధి రైతు మాచమ్మ కూచన ఇంటికి వచ్చింది. "నారుమడి ఎండిపోయిందయ్యా. ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?" అని కళ్లు తుడుచుకుంది.

కూచన కొలువుకు వెళ్లి సంగతి విన్నవించాడు. రాజు ముఖం చిట్లించాడు.

"అధికారులకు మర్యాద లేకపోతే రాజ్యం నిలుస్తుందా? ఒక్క బిరుదు తగ్గినా నీకు కొలువు లేదు."

"ఒక్కటీ తగ్గదు ప్రభూ" అని కూచన నమస్కరించి వచ్చేశాడు.

ఆ సాయంత్రం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అభినవ భగీరథ, జలవిద్యా విశారద, కర్షకజన కల్పవృక్ష, కాలువల అధికారి నాగదేవులవారు నీళ్లు వదిలిన రాత్రి తూము దగ్గర గురకపెట్టి నిద్రపోయారు. అభినవ భగీరథ, జలవిద్యా విశారద, కర్షకజన కల్పవృక్ష నాగదేవులవారిని లేపి, వాగుపాలవుతున్న నీళ్లు ఆపమని అడగడానికి కావలివాడు భయపడ్డాడు. తూర్పు పొలాలు ఎండాయి."

జనం ముందు తెల్లబోయారు. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, మైదానమంతా నవ్వే. ఇళ్లకు పోయినవాళ్లు కూడా తిరిగి వచ్చారు.

"న్యాయరత్నాకర, ధర్మమూర్తి, దీనబంధు..." అని కూచన ఆరు బిరుదులూ వరసగా చదివి, "మంత్రి భాస్కరప్రెగ్గడగారు రేవు దాటి పడవవాడికి కూలి ఇవ్వడం మరిచారు" అన్నాడు.

మర్నాడు కొలువు తీరకముందే ఆ ఇద్దరూ రాజు ముందున్నారు. కూచనను పిలిపించారు.

"నేను ఏ బిరుదు వదిలేశానో చెప్పండి" అన్నాడు కూచన.

ప్రెగ్గడ ముందుకొచ్చాడు. "ఏదీ వదల్లేదు. మాకు ఆ బిరుదులు వద్దని చెప్పడానికే వచ్చాం."

వాళ్ల అవస్థ చూసి రాజు పకపకా నవ్వాడు. కూచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఇవాళ్టి చాటింపులో తమ వంతు ఉంది. రణరంగ భైరవ, అరివీర భయంకర, గజసింహ మల్లభూపతులవారు నిన్న స్నానాల గదిలో బల్లిని చూసి నలుగురు భటులను కేకవేశారు. చాటమంటారా, మానమంటారా?"

రాజు ముఖం ఎర్రబడింది. తర్వాత భుజాలు అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"మరి ఎలా చాటాలంటావు?"

"పేరుకు ముందు పదవి ఒక్కసారి చెబుతాను. నీళ్లు రాకపోతే ఎవరి గడప ఎక్కాలో జనానికి తెలియాలి కదా. ఆ తర్వాత పేరు, గారు. బిరుదులు కవులకు వదిలేద్దాం ప్రభూ."

రాజు ఆజ్ఞ రద్దు చేశాడు. తూర్పు పొలాలకు ఆ పూటే మళ్లీ నీళ్లు వదలమన్నాడు. చేతి కంకణం తీసి కూచనకు తొడిగాడు.

"దీన్ని సాయంత్రం ఎలా చాటుతావు?"

"రాజు మల్లభూపతిగారు కూచనకు కంకణం ఇచ్చారు, అని."

"అంతేనా? నన్ను కాస్త పొగడవా?"

"ఇచ్చిన సంగతి నేను చెబుతాను ప్రభూ. పొగడ్త సంగతి జనం చూసుకుంటారు."

రాజు మళ్లీ నవ్వి, రెండో చేతి కంకణం కూడా తీసి ఇచ్చాడు.