గవరమ్మ ఇంటి రాగిగోడ

చింతలదుర్గమని ఒకప్పుడో రాజ్యం ఉండేదట. రాజ్యం చిన్నదే గాని, దాన్నేలే రణధీర భూపతికి బిరుదులు మాత్రం ముప్పైరెండు. కొలువు తీరగానే వాటన్నిటినీ గొంతెత్తి చదవడం అబ్బరాజు అనే వందిమాగధుడి ఉద్యోగం. చదువు మొదలైందంటే పూర్తయ్యేదాకా ఎవరూ కూర్చున్నచోటి నుంచి లేవకూడదు. ఒకసారి ఒక సామంతుడు పద్దెనిమిదో బిరుదు దగ్గర కాళ్ళు తిమ్మిరెక్కి లేచి నిలబడితే, రాజు చిన్నబుచ్చుకుని ఆ కట్టడి పెట్టాడు. "నాతో సహా" అని కూడా రాయించాడు. తన బిరుదుల్ని తనే గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారని ఆయన వాదన.

ఇంత డంబమున్నా మనిషి చెడ్డవాడు కాదు. తల్లి పురిట్లోనే పోతే, గవరమ్మ అనే దాది పాలిచ్చి పెంచింది. ఇప్పుడామె ముసలిదైపోయింది. మోకాళ్ళు పట్టేసి, పగలంతా గోడకు వీపు ఆనించి అరుగు మీద కూర్చోవడమే ఆమెకు మిగిలిన సుఖం. కిందటి వానలకు ఆమె గుడిసె కూలితే, రాజు ఆమెను కోటలోనే ఒక గదిలో ఉంచి, కోట దాపునే కొత్త ఇల్లు మొదలుపెట్టించాడు.

గోడలు లేచాయి. బయటివైపు ఏం వెయ్యాలన్న మాట వచ్చింది. తాపీ మేస్త్రీ సన్యాసి గానుగలో నూరిన సున్నం వేద్దామన్నాడు.

"సున్నం ఊళ్ళో అందరిళ్ళకీ ఉంది," అన్నాడు రాజు. "నన్ను పెంచిన తల్లి ఇంటికి రాగిరేకులు తాపడం చెయ్యండి. రేకుకో బిరుదు చెక్కించండి. నా కృతజ్ఞత ఆమడ దూరానికి మెరవాలి."

"ప్రభూ, అరుగు పడమటేపుంది. ఎండ..." అని నసిగాడు సన్యాసి.

"ఎండలో మెరవడానికేగా రాగి," అన్నాడు రాజు.

సన్యాసి తిన్నగా అబ్బరాజు దగ్గరకు వచ్చి మొర పెట్టుకున్నాడు. "వైశాఖం ఎండకి ఆ రేకు పెనమైపోద్దండీ. ముసలమ్మ దానికి జేరబడితే అప్పడమే. మీరైనా చెప్పండి."

అబ్బరాజు గవరమ్మ గదికి వెళ్ళాడు. "అమ్మా, రాగి వద్దని నువ్వొక్కమాట అంటే రాజుగారు వింటారు."

"అనను నాయనా," అంది గవరమ్మ. "రాజులంతా దాదుల్ని గుర్తెట్టుకుంటారేటి? ఆడు గుర్తెట్టుకున్నాడు. ముచ్చటపడి చేయిస్తన్నాడు. వద్దంటే మొహం ఇంతయిపోద్ది. చిన్నప్పుడూ అంతే, ఇచ్చింది పుచ్చుకోకపోతే రెండ్రోజులు అన్నం మానేసీవోడు. ఎండంటావా, ఓర్చుకుంటాను. నేనలా అన్నానని ఆడికి చెప్పకు."

అబ్బరాజు గది బయటికి వచ్చి నిలబడ్డాడు. చెబితే ఆమె మాట దాటినట్టవుతుంది. చెప్పకపోతే ఆమె వేగిపోతుంది. రాజుకు ఎదురు చెప్పి నెగ్గినవాడు ఆ కొలువులో ఇంతవరకూ లేడు. తన దగ్గర సైన్యమా, అధికారమా? నోటికి వచ్చిన ముప్పైరెండు బిరుదులు తప్ప ఏమీ లేవు. ఇంటికి పోతూ దారిపొడుగునా వాటినే తలుచుకున్నాడు.

వైశాఖం వచ్చేసరికి రేకుల పని పూర్తయింది. మర్నాడు గృహప్రవేశమనగా కొలువులో అబ్బరాజు చేతులు జోడించాడు.

"ప్రభూ, దానమిచ్చేవారు ముందు తాము చూసుకుని ఇస్తే శోభగా ఉంటుంది. తమరు ఇవాళ ఆ అరుగు మీద, గవరమ్మ కూర్చునే చోటే కూర్చుంటే, గోడ మీదున్న బిరుదులన్నీ అర్థాలతో సహా విన్నవిస్తాను."

రాజు మీసం దువ్వుకున్నాడు. "అర్థాలతో సహానా? ఎప్పుడు?"

"రాగి బాగా మెరిసే వేళకు ప్రభూ. మధ్యాహ్నం భోజనాలయ్యాక."

రాజు పట్టుబట్టలు కట్టి, మెడనిండా హారాలు వేసుకుని వచ్చాడు. కొలువువాళ్ళంతా ఎదురుగా వేపచెట్టు నీడలో చేరారు. రాజు అరుగెక్కి గోడకు చేరగిలబోయి, చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. అబ్బరాజు చూడనట్టే గొంతు సవరించుకున్నాడు.

"శత్రుగర్వ నిర్వాపక. అంటే ప్రభూ..." అంటూ ఒక యుద్ధం మొత్తం చెప్పుకొచ్చాడు. రెండో బిరుదుకు ఒక వేట. మూడోదానికి రాజుగారి ముత్తాత పెళ్ళి. అయిదోది వచ్చేసరికి కిరీటం కిందనుంచి చెమట మీసాల మీదికి దిగింది.

"అబ్బరాజూ, అర్థాలు కాస్త క్లుప్తంగా కానీ."

"తమరి కీర్తిని క్లుప్తం చేసే పాపం నాకెందుకు ప్రభూ," అని అతడు నింపాదిగా సాగాడు. "ఎనిమిదోది, మార్తాండ తేజో విరాజిత. మార్తాండుడంటే సూర్యుడు..."

"తెలుసు," అన్నాడు రాజు కళ్ళు మూసుకుని. "బాగా తెలుస్తోంది. ఇంకా ఎన్ని?"

"ఇరవైనాలుగు ప్రభూ."

రాజు లేవబోయాడు. కట్టడి గుర్తొచ్చింది. కొలువంతా తననే చూస్తోంది. మళ్ళీ కూలబడ్డాడు. అబ్బరాజు తొమ్మిదోది అందుకున్నాడు.

అంతలో గవరమ్మ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మజ్జిగ ముంత పట్టుకుని మెల్లగా వచ్చింది. "ఏటి బాబూ ఇది, మొహం అలా కందిపోయింది? లే, నీడకి రా."

"బిరుదులు అవలేదమ్మా."

"అయ్యెక్కడికి పోతాయి, గోడకే ఉన్నాయిగా. లే ముందు."

చెయ్యి పట్టుకుని లాగింది. రాజు చిన్నపిల్లాడిలా లేచి వెంట వెళ్ళాడు. వేపచెట్టు కింద ముంతెడు మజ్జిగా ఒక్క గుక్కలో తాగేశాక, అబ్బరాజు కేసి తిరిగాడు.

"నన్ను మాడ్చడానికే కదా ఇదంతా?"

"తప్పే ప్రభూ," అన్నాడు అబ్బరాజు తల వంచి. "కానీ తమరు ఎండలో కూర్చుంటే పిలవడానికి ఆమె వచ్చింది. రేపటినుంచి ఆమె కూర్చుంటుంది. ఆమెను లెమ్మని ఎవరు పిలుస్తారు? తమరిచ్చిన ఇల్లు కదా, ఏ కట్టడీ లేకుండానే ఆమె లేవదు."

రాజు గవరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇలా కాలుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలవకేం బాబూ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పెట్టింది కదా," అంది గవరమ్మ.

రాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇన్నాళ్ళూ నీ రుణం తీరుస్తున్నాననుకున్నాను. ఇంకా పెంచుకుంటూనే ఉన్నాను. చెప్పమ్మా, గోడకు ఏం వేయించను?"

"గానుగ సున్నమే. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి మెత్తగా నూరితే వీపుకి నున్నగా, చల్లగా ఉంటాది. వానలొచ్చేసరికి పడమటేపు తాటాకు తడికలు కట్టించు. జల్లు కొట్టదు."

"ఆ రేకులతో బిందెలు చేయించి చలివేంద్రాల్లో పెట్టండి," అన్నాడు రాజు. అని అబ్బరాజును చూసి ఆగలేక నవ్వేశాడు. "ముప్పైరెండు బిరుదులున్నవాణ్ణి, తొమ్మిదింటికే ఓడిపోయాను. రేపటినుంచి కొలువులో మూడు చదువు చాలు."

నవ్వుతూనే తన మెడలోని పెద్ద బంగారు హారం తీసి అబ్బరాజు మెడలో వేశాడు. అంతసేపూ ఎండలో కాగిన హారం. అబ్బరాజు పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ జోడించాడు.

"కాలుతోందా?" అన్నాడు రాజు.

"తమరు పెట్టింది కదా ప్రభూ."

రాజు నవ్వు వేపచెట్టు మీది కాకుల్ని లేపింది. గవరమ్మ ముంత అడుగున మిగిలిన నాలుగు చుక్కల మజ్జిగా అబ్బరాజు మెడ మీద వంచింది.