దాచుకున్న దెబ్బ

చంపావతి ఒడ్డున కర్రసాము నేర్పే దాలినాయుడికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదడిగినా ముందు ఔననేవాడు, ఆ వెంటనే సంబంధం లేని పనొకటి పురమాయించేవాడు. ఆయన శిష్యుల్లో అందరికన్నా పాతవాడు గౌరీసు. ఆరేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుని సాధన చేసినవాడు. అయితేనేం, అమ్మవారి జాతరలో జరిగే పోటీలో పక్క ఊరి ఎర్రన్న చేతిలో వరసగా మూడేళ్లు ఓడిపోయాడు. తను ఎటు కొట్టినా ఎర్రన్న కర్ర ముందే అక్కడ కాచుకుని ఉండేది.

నాలుగో జాతర ఇంకో నెల ఉందనగా గౌరీసు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురూగారూ, తప్పయితే సెమించండి. నాకు నేర్పకుండా దాచుకున్న దెబ్బ ఏదన్నా ఉందేటండి? ఉంటే సెప్పీయండి. ఈపాలి కూడా ఓడిపోతే ఊర్లో తలెత్తుకోలేను. ఇంకో గురువుని ఎతుక్కోవాల."

ఆ చివరి మాట గురువు మొహం చూడలేక నేలవైపు చూస్తూ అన్నాడు. దాలినాయుడంటే అతనికి ప్రాణం మరి.

"ఉందిరా. ముందు మన గుమస్తా గారికి మొదటి రెండు దెబ్బలూ నేర్పు" అన్నాడు దాలినాయుడు.

గుమస్తా అంటే జూటు మిల్లులో పనిచేసే కామేశం. పొట్ట తగ్గించుకోమని డాక్టరు గట్టిగా చెబితే నలభై అయిదో ఏట కర్ర పట్టాడు. ఏ సంగతైనా పుస్తకంలో రాసుకుంటే తప్ప ఆయనకు తలకెక్కదు. గౌరీసు లోలోపల విసుక్కుంటూనే వారం రోజులు నేర్పాడు. ఎనిమిదో రోజున "ఏదీ, కొట్టండి" అని ఎదురుగా నిలబడ్డాడు.

కామేశం కింది పెదవిని కుడివైపు గట్టిగా కొరికి, ఆనక కుడినుంచి కొట్టాడు. ఎడమవైపు కొరికి, ఎడమనుంచి కొట్టాడు. రెండుసార్లూ గౌరీసు కర్ర తాపీగా వెళ్లి అడ్డం నిలిచింది.

"అదేటండీ, ఆ పెదవి కొరుకుడు! దెబ్బ ఎటేపునుంచి వస్తాదో ఉత్తరం రాసి పంపినట్టు తెలిసిపోతంది కదా!"

కామేశం చిన్నబుచ్చుకుని జేబులోంచి పుస్తకం తీశాడు. "నా సొంత కల్పన ఏమీ లేదండీ. మీరు కొడుతుంటే చూసి రాసుకున్నాను. 'ఒకటి: పెదవి కొరకవలెను. రెండు: కర్ర ఎత్తవలెను.' కొరికీ కొరికీ వారం రోజులుగా వేడి కాఫీ తాగలేక చస్తున్నాను."

గౌరీసు ఆ రాత వంక చూసి, తన పెదవి తడుముకున్నాడు. రెండు పక్కలా కాయ కాసి ఉంది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నవ్వొచ్చింది, అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ మర్నాటినుంచి పెదవుల మధ్య తమలపాకు పెట్టుకుని, దానిమీద పంటి గాటు పడకుండా సాధన చేశాడు. రెండు వారాలయ్యాక గురువుకు దండం పెట్టి ఎదుట నిలిచాడు. దెబ్బ కాచుకోడానికి దాలినాయుడి కర్ర కుడివైపు లేచింది. గౌరీసు దెబ్బ ఆయన ఎడమ మోకాలిమీద పడింది.

గౌరీసు హడలిపోయి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "బాబోయ్, తప్పయిపోనాది! మరి ఆ దాచుకున్న దెబ్బ ఎప్పుడు నేర్పుతారండి?"

దాలినాయుడు మోకాలు రుద్దుకుంటూ పకపకా నవ్వాడు.

"దెబ్బలన్నీ నీకెప్పుడో ఇచ్చీసినాన్రా. దాచుకోడమే ఇయ్యాల వచ్చింది."