రాజుగారు లేస్తేనే తెల్లవారే పట్నం

ఒకానొక రాజ్యంలో ఒక రాజధాని ఉండేది. ఆ ఊరికి ఒకటే దురలవాటు. రాజుగారి కంటే ముందే నిద్ర లేచేది.

దాని పేరు ఏడువాకిళ్లపట్నం. కొండరాళ్లు మోసి, సున్నం తొక్కి కట్టిన కోట. కట్టించిన మహారాజు పేరు తూర్పువాకిలి మీద ఇంతింత అక్షరాలతో చెక్కి ఉండేది గానీ, రాళ్లు మోసినవాళ్ల పేరు ఒక్కటీ కనిపించేది కాదు. వాళ్ల మనుమలూ మునిమనుమలూ మాత్రం ఆ ఊళ్లోనే బతుకుతున్నారు. కంచరవీధిలో చెంబుల మోత, మేదరవీధిలో వెదురు చీల్చే చప్పుడు, పూలంగడి దగ్గర బేరాల గోల. ఊరంటే అదే. మిగతాదంతా గోడ.

తూర్పువాకిలి పక్కన నగారా బురుజు ఉంది. పట్నంలో తొలి ఎండ దాని నెత్తినే పడేది. పడీ పడగానే లాలప్ప అనే ముసలి కొలువుకాడు నగారా మోగించేవాడు. వాకిళ్లు తెరిచేవారు. బయట చలికి ముడుచుకు కూర్చున్న పాలవాళ్లు, కట్టెలమోపులవాళ్లు, ఏటిగడ్డ తోటల నుంచి ఆకుకూరలు తెచ్చే ఆడవాళ్లు లోపలికి వచ్చేవారు. బట్టల మూటలు ఎత్తుకున్నవాళ్లు లోపలి నుంచి రేవుకు పోయేవారు. తాతల నాటి నుంచీ అట్లాగే సాగుతూ వచ్చింది. దానికి ఏ రాజు అనుమతీ అక్కర్లేకపోయింది.

ఆ కాలంలో భానుకీర్తి మహారాజు ఏలుతున్నాడు. చెడ్డవాడు కాడు. తన గొప్పతనం గురించి ఆలోచించీ ఆలోచించీ అలిసిపోయి ఆలస్యంగా పడుకునేవాడు, ఇంకా ఆలస్యంగా లేచేవాడు.

ఒకనాడు ఆయన ఆవులిస్తూ మేడమీదికి వచ్చి కిందికి చూశారు. వీధుల్లో జనం సగం రోజు పని ముగించుకుని మజ్జిగ తాగుతున్నారు. రాజుగారి మనసు చివుక్కుమంది. నేరుగా కొలువుకు వచ్చి, నేను కళ్లు తెరవకముందే నా పట్నం ఎట్లా కళ్లు తెరిచింది అని అడిగారు.

ఆస్థాన పండితుడు విరూపాక్ష ఘనపాఠి ఉత్తరీయం సర్దుకుని లేచాడు. రాజు విష్ణువు అంశ అన్నాడు. ప్రభువుల పేరులోనే సూర్యుడు ఉన్నాడన్నాడు. రెండు శ్లోకాలు చదివి, కాబట్టి ప్రభువులు నిద్ర లేచినదే తెల్లవారడం, ఆకాశంలో జరిగేది ఉత్త వెలుతురు అని తేల్చిపారేశాడు.

అంతటితో దండోరా వేశారు. రాజుగారు నిద్ర లేస్తేనే నగారా. నగారా మోగితేనే వాకిళ్లు తెరవడం. ముందుగా మోగించినవాడికీ తెరిచినవాడికీ దేశబహిష్కారం.

మంచం మీద పడుకున్నవాడికి ఆలస్యమంటే ఇంకో కునుకు. నెత్తిన గంప ఉన్నవాళ్లకి అది ఆ పూట కూడు. పాలు వాకిలి బయటే విరిగిపోయాయి. ఆకుకూరలు లోపలికి వచ్చేసరికి ఊళ్లోవాళ్లు పచ్చళ్లతో సరిపెట్టుకుని, తిని చేతులు కడిగేసుకునేవారు. రేవుకు పోయినవాళ్లు బట్టలు ఆరకముందే పొద్దుగుంకి, తడిమూటలు మోసుకొచ్చేవారు. ఘనపాఠిగారింట్లో మాత్రం పాడి ఇంట్లోనే ఉంది, పెరట్లో తోటకూర ఉంది. శ్లోకాలకి లోటు రాలేదు.

కొలువులో కోనప్ప అని ఒకడున్నాడు. కుమ్మరివీధిలో పుట్టి, మాట నేర్పుతో కొలువెక్కినవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. ఒక మధ్యాహ్నం అతను ఇంటికి వస్తుంటే ఆకుకూరల ఆదెమ్మ దారికి అడ్డంగా గంప దించింది. ఆమె చేతి కూర తిని పెరిగినవాడే కోనప్ప.

"కోనప్పయ్యా, నువ్వు చెప్పే మాటలకి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతారంట కదా. మా పొట్టల సంగతి కూడా ఒక్కసారి చెప్పరాదూ?" అంది.

గంప మీది తడిగుడ్డ తీసి చూపించింది. చుక్కకూర చేత్తో ఎత్తితే తాడులా వేలాడింది. ఇంకో పక్షం ఇట్లాగే నడిస్తే తోట వదిలేసి పరాయి ఊళ్లో రాళ్లు మోసుకోడానికి పోతామని చెప్పింది. తనొక్కతే కాదు, ఏటిగడ్డ మీద అందరూ మూటలు కట్టుకుంటున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. కోనప్ప దగ్గర దానికి సరిపడే హాస్యం ఏదీ లేకపోయింది. సరే అత్తా, పోయిరా అని మాత్రం అన్నాడు.

మర్నాడు అతను కొలువులో రాజుగారిని ఎదిరించలేదు. పెద్దవాళ్లని ఎదిరిస్తే వాళ్లు ఇంకా గట్టిగా బిగుసుకుంటారని అతనికి తెలుసు. చేతులు జోడించి, ప్రభూ, తెల్లవారడం తమ చేతిలో ఉన్నప్పుడు తిథి మారడం ఎవరి చేతిలో ఉన్నట్టు అని వినయంగా అడిగాడు.

ఘనపాఠికి కోపం వచ్చింది. ఆ మాత్రం తెలియదా అన్నాడు. ఉదయం కానిదే తిథి ఎట్లా మారుతుంది? ప్రభువులు నిద్ర లేచేదాకా నిన్నటి తిథే నడుస్తుంది. రాజుగారు మీసం దువ్వారు. ఆ సంగతి కూడా దండోరా వేయించారు.

కోనప్ప ఇంకో మాట విన్నవించుకున్నాడు. ముక్కోటి ఏకాదశి దగ్గర పడింది. ఆనాడు పగలంతా కటిక ఉపవాసం, రాత్రంతా జాగరణ, మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకముందే భోజనం. ఆ వంశంలో తరతరాల మొక్కు అది. ఇదివరకు రాజుగారు అంతఃపురంలోనే జాగరణ చేసేవారు. తెర వెనక ఏం జరిగేదో తెర బయటివాళ్లకి గురకల వల్ల తెలిసేది. ఈసారి తూర్పువాకిలి పక్కనున్న గుడి మండపంలో, రాజమాతగారి సరసన, జనమంతా చూస్తుండగా జాగరణ చేస్తే బాగుంటుందని కోనప్ప అన్నాడు. సూర్యుడంతటి ప్రభువు రెప్ప వేయకుండా కూర్చుంటే చూడ్డానికి జనానికి రెండు కళ్లూ చాలవన్నాడు.

రాజుగారికి ఆ దృశ్యం కళ్లకు కట్టింది. ఒప్పుకున్నారు.

ముక్కోటి వచ్చింది. రాజుగారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. జనం ఎదుట, తల్లి నాగాంబగారి పక్కన, భజనల మధ్య నిటారుగా కూర్చుని రాత్రంతా గడిపారు. ఇక భోజనం ఒక్కటే మిగిలింది. తూర్పు ఎర్రబడింది. బురుజు నెత్తిన ఎండ పడింది. మండపం వెనక వంటశాల నుంచి నేతి వాసన, మిరియాల పొంగలి వాసన రాసాగాయి.

రాజుగారు వడ్డించమన్నారు. వంటవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, నగారా మోగలేదని, అది మోగందే ద్వాదశి రాదని. లాలప్పని పిలిపించి ఎందుకు కొట్టలేదని గద్దించారు.

"ప్రభువులు ఇంకా నిద్ర లేవలేదు" అన్నాడు లాలప్ప చేతులు కట్టుకుని.

"నీ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను కదరా."

"చిత్తం. తమరు పడుకోందే లేచారని నేనెట్లా కొట్టను? ముందుగా కొడితే దేశం దాటిస్తారు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

రాజుగారు ఘనపాఠి వైపు చూశారు. ఘనపాఠి కోనప్ప వైపు చూశాడు. కోనప్ప నేల చూపులు చూశాడు.

అయితే ఇప్పుడే కాసేపు పడుకుని లేస్తానన్నారు రాజుగారు. తలగడ తెమ్మన్నారు. నాగాంబగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం పడక నాయనా? నీ ఆజ్ఞ ప్రకారం ఇంకా ఏకాదశి రాత్రే. ఇప్పుడు కన్ను మూస్తే జాగరణ చెడుతుంది. ఇంత జనం ఎదుట మొక్కు చెడగొడతావా?"

ఘనపాఠి గొంతు సవరించుకుని, నిజానికి పొద్దు పొడిచింది గనక రాత్రి అయిపోయినట్టే అని గొణిగాడు.

"అయితే ప్రభువుల అనుమతి లేకుండానే తెల్లవారిందన్నమాట. ఘనపాఠిగారు ఆ మాట కొంచెం గట్టిగా చెబితే దండోరా వేయిస్తాను" అన్నాడు కోనప్ప.

ఘనపాఠికి హఠాత్తుగా దగ్గు వచ్చింది.

ఎండ మండపం మెట్లెక్కింది. నేతి వాసన ఇంకాస్త ముదిరింది. పంచాంగం చూసే బ్రాహ్మడు భయపడుతూ ముందుకొచ్చి, ఆ యేడు ద్వాదశి కొద్దిసేపే ఉందని, ఆకాశంలో సూర్యుడు ప్రభువుల ఆజ్ఞ సంగతి తెలియక ముందుకు పోతున్నాడని, ఇంకా తాత్సారం చేస్తే ద్వాదశి దాటిపోయి మొక్కంతా గంగపాలవుతుందని విన్నవించాడు. అది చాలదన్నట్టు వంటశాల పెద్ద వచ్చి ఇంకో సంగతి చెప్పాడు. ఆ వంశంలో ఉపవాసం విడిచేటప్పుడు తొలిముద్ద అవిసాకు కూరతో తినాలి. అవిసాకు తెచ్చే ఆడవాళ్లు వాకిలి బయట కూర్చుని ఉన్నారు.

"కోనప్పా, ఇది నీ పనేనా?" అన్నారు రాజుగారు పళ్లు కొరుకుతూ.

"నా పని కాదు ప్రభూ. తమ ఆజ్ఞ తన పని తాను చేసుకుంటోంది. నేను అడ్డం రాలేదు, అంతే. వాకిలి బయట రోజూ ఇట్లాగే ఉంటుంది. కాకపోతే వాళ్లకి మొక్కు లేదు, ఉపవాసం మాత్రం ఉంది."

మండపమంతా నిశ్శబ్దమైపోయింది. ఇక కోనప్ప పని అయిపోయిందనుకున్నారు అందరూ. రాజుగారి చెయ్యి కత్తి మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే ఆయన కడుపులోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. అంత నిశ్శబ్దంలో చివరి వరుసవాళ్లకి కూడా వినిపించింది.

నాగాంబగారు కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "భానూ, సూర్యుడితో నీ తగువు తర్వాత తీరిగ్గా తేల్చుకుందువు గాని. ముందు నాకింత ముద్ద పెట్టించు. కళ్లు తిరుగుతున్నాయి."

రాజుగారు తల్లి మొహం చూశారు. బురుజు కేసి చూశారు. ఎండ బురుజంతా దిగి గోడ మీదికి వచ్చేసింది, ఎవరినీ అడగకుండానే.

"లాలప్పా, నగారా కొట్టు" అన్నారు.

లాలప్ప కదల్లేదు. ముసలివాడికి ఇంకా భయం తీరలేదు. "ప్రభువులు లేచారని కొట్టనా, పొద్దు పొడిచిందని కొట్టనా?"

"ఆకలేసిందని కొట్టరా!"

నగారా మోగింది. ఏడు వాకిళ్లూ తెరుచుకున్నాయి. పాలకుండలూ కట్టెలమోపులూ లోపలికి పరుగెత్తాయి. అందరికంటే ముందు ఆదెమ్మ మండపం దగ్గరికి వచ్చి, ఎదురుగా ఉన్నదెవరో చూడకుండానే గంప దించి, అవిసాకు కట్టలు తీసి వంటశాల పెద్ద చేతిలో పెట్టింది. నడుం నిమురుకుంటూ, "రాజుగారు ఇవాళ పెందలాడే లేచినట్టున్నారే" అంది.

ఎవరో చెయ్యి పట్టి లాగి చూపించేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ రాజుగారు అప్పటికే నవ్వుతున్నారు. ఆకలితో నీరసంగా మొదలైన నవ్వు క్రమంగా పెరిగి, ఆయన స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. నాగాంబగారు నవ్వింది. జనం నవ్వారు. ఘనపాఠి కూడా నవ్వి, వెంటనే మూడో శ్లోకం చదివి, సూర్యుడి ఉద్యోగం సూర్యుడికే అప్పగించాడు.

భోజనాలయ్యాయి. రాజుగారు తన భుజం మీది జరీ శాలువా తీసి కోనప్పకి కప్పారు, ముత్యాలదండ మెళ్లో వేశారు. ఇకమీదట బురుజు మీద ఎండ పడగానే నగారా మోగించాలని, దానికి తనతో సహా ఎవరి సెలవూ అక్కర్లేదని దండోరా వేయించారు. ఏటిగడ్డ మీద కట్టిన మూటలు విప్పేసుకున్నారు.

ఆ తర్వాత రాజుగారు అంతఃపురానికి వెళ్లి, రెండు పూటల నిద్రా కలిపి హాయిగా పడుకున్నారు. మళ్లీ ఎప్పుడు లేచారో పట్నంలో ఎవరికీ తెలియదు. ఎవరి పనుల్లో వాళ్లున్నారు.