కరాళుడి కొండ కింద పోలన్న

అనగా అనగా మేడవరం కోటలో ఒక రాజు. ఆయనకు కొడుకుల్లేరు, హేమవల్లి అని ఒక్కతే కూతురు. రాజు మంచివాడే గాని, దండనాయకుడు ఉద్దండవర్మ ఏది చెబితే అదే వేదం ఆయనకు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి నుంచి కరాళుడనే మాంత్రికుడు వచ్చి, కోటకెదురుగా ఉన్న కొండెక్కి కూర్చున్నాడు. రాజ్యం ఇస్తారా, బూడిద చెయ్యనా అన్నాడు. ఉద్దండవర్మ మీసం మెలేసి సైన్యాన్ని బయటికి నడిపించాడు. కాలిబంట్లను ముందు నిలబెట్టాడు, తాను అందరికన్నా వెనక గుర్రమెక్కి ఉన్నాడు. కరాళుడు నోరు తెరిచి నిప్పుముద్దలు ఉమ్మడం మొదలుపెట్టాడో లేదో, మొట్టమొదట వెనక్కి తిరిగింది ఆ గుర్రమే. సైన్యమంతా దాని వెంటే కోటలోకి పరిగెత్తింది. తలుపులు మూసేశారు.

బయట ముగ్గురు పడిపోయి ఉన్నారు. ముసలి బసివయ్య, బక్క సోమడు, విలుకాడు తిప్పన్న. దాహం దాహం అని వాళ్ళు పెట్టే కేకలు కోటగోడ దాకా వినిపిస్తున్నాయి.

పోలన్న కూడా కాలిబంటే. ఆ ముగ్గురితో కలిసి ఒకే కుండలో అంబలి తాగినవాడు. తలుపు తీయించమని దండనాయకుణ్ణి బతిమాలాడు.

"పడ్డవాళ్ళు పడ్డట్టే. ముగ్గురి కోసం కోట తలుపు తీస్తార్రా?" అన్నాడు ఉద్దండవర్మ, పన్నీటితో మొహం కడుక్కుంటూ.

పోలన్నకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున వాళ్ళని ముందుకు తోసిన నోరేగా ఇది. గోడకు మోకు కట్టి బయటికి దిగాడు.

కింద నీళ్ళు మోసే గాడిద ఒకటి, తోలుతిత్తులతో సహా బయటే చిక్కుకుపోయి ఉంది. అది నోరు విప్పింది. "నన్నూ వదిలేసే పోయారు నాయనా. పొద్దుట్నుంచీ చూస్తున్నా, వాడు మూడు ముద్దలు ఉమ్మి ఒకసారి దగ్గుతాడు. ఆ దగ్గు ఆగేలోపే పరిగెత్తాలి. పద, నేనూ వస్తా."

ఒక ముద్ద పడింది. రెండో ముద్ద పడింది. మూడో ముద్ద పడింది. కరాళుడు దగ్గాడు. పోలన్న పరిగెత్తి, బసివయ్య నోట్లో గుక్కెడు నీళ్ళు పోసి, గాడిద మీద వేసుకుని వచ్చి మోకుకు కట్టాడు. కేకలు విని గోడెక్కిన హేమవల్లి, నలుగురు బంట్లు కలిసి పైనుంచి లాగారు.

మళ్ళీ మూడు ముద్దలు, మళ్ళీ దగ్గు. ఈసారి సోమణ్ణి తెచ్చాడు. తెచ్చేటప్పుడు నిప్పు తగిలి వీపంతా కాలిపోయింది. అయినా ఆగలేదు.

మూడోసారి వెళ్ళేసరికి ఉద్దండవర్మ గోడెక్కి, శత్రువు ఎక్కివస్తాడు, మోకు కోసెయ్యమన్నాడు. హేమవల్లి ఆ మోకు నడుముకు చుట్టుకుని నిలబడింది. "కొయ్యాలంటే ముందు నన్ను కొయ్యండి. చేతకాకపోతే పోయింది, చేసేవాడికి అడ్డం పడకండి" అంది.

తిప్పన్న అందరికన్నా దూరంగా, కొండ మొదట్లోనే పడి ఉన్నాడు. కుడిచెయ్యి నుజ్జయింది. పోలన్న ఎత్తుకోబోతే ఆపాడు.

"ఆగన్నా. ఇక్కడ పడి ఉండబట్టి నాకు కనబడింది. ఆ బండ వెనక పంజరంలో చిలుక ఉంది. అది దగ్గితేనే వాడు దగ్గుతున్నాడు. వాడి ప్రాణం దాన్లో ఉంది. నా చెయ్యి పోయింది గాని కన్ను పోలేదు. విల్లు నువ్వు లాగు."

పోలన్న విల్లు లాగాడు. తిప్పన్న అతని భుజానికి చెంప ఆనించి, కొంచెం ఎడమకు, కాస్త పైకి, అని చూపించి, వదలమన్నాడు. బాణం పంజరం ఊచల మధ్య నుంచి దూసుకుపోయింది. చిలుక పడింది. కరాళుడు మొద్దులా దొర్లుకుంటూ కొండ కిందికి వచ్చాడు.

మర్నాడు కొలువు. ఏమయిందనుకున్నారు? శత్రువును ఏమార్చడానికే వెనక్కి తగ్గాను మహారాజా అని ఉద్దండవర్మ చెప్పాడు. రాజు నమ్మాడు. ముత్యాల హారం వాడి మెడలో వేశాడు. ఆజ్ఞ మీరి గోడ దిగినందుకు పోలన్నను చేతులు కట్టి తెచ్చారు. కాలిన వీపు మీద మందు కూడా రాయలేదు.

"నన్ను కట్టెయ్యండి దొరా, ఫరవాలేదు," అన్నాడు పోలన్న. "ఆ హారం మాత్రం నేను చూడలేను. బయట మనుషులు కాలిపోతూ నీళ్ళడుగుతుంటే, ఈయన లోపల పన్నీటితో మొహం కడుక్కున్నాడు."

అప్పుడు గాడిద మీద బసివయ్య, దాని పక్కన సోమడు, తిప్పన్న లోపలికొచ్చారు. చూసింది చూసినట్టు చెప్పారు. గాడిదా చెప్పింది. మోకు సంగతి హేమవల్లి చెప్పింది. రాజు సిగ్గుతో తల దించుకున్నాడు. తన చేత్తోనే హారం తీసేసి, ఉద్దండవర్మను పొలిమేర దాటించాడు. పోలన్న కట్లు విప్పింది మాత్రం హేమవల్లే. పెళ్ళంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని అక్కడే చెప్పేసింది.

అయిదు రోజుల పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. తరువాత రాజ్యం అల్లుడి చేతికొచ్చింది. యుద్ధమంటూ వస్తే రాజే ముందుండాలి, కడపటి మనిషి లోపలికొచ్చేదాకా తలుపు మూయకూడదు అని పోలన్న శాసనం చేయించాడు.

జరిగిందేదో జరిగింది, వాళ్ళను బయట వదిలేశారని ఇంకా ఎందుకయ్యా ఆ కోపం అని ముసలిరాజు అప్పుడప్పుడూ అడిగేవాడు. పోలన్న నవ్వేవాడు. ఆ కోపం మాత్రం బతికినంతకాలం చల్లారలేదు. అందుకే మేడవరం అరవై ఏళ్ళు చల్లగా ఉంది.