ముక్కులోంచి దారం

"తళతళ బిందె తానమాడె, చింతపండుతో సింగారించె…" అని మా అమ్మ గిన్నెలు తోముతూ పాడేది. తర్వాతి చరణం ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. మెరిసేది ఏది చూసినా ఆ పాటే నోట్లోకి వస్తుంది. వెంటనే మా తమ్ముడు ఐలయ్య గుర్తుకొస్తాడు.

బాలానగర్‌లో ఒక చిన్న షాపులో ఇనుప సామాన్లకు క్రోమియం పూత వేసే ఐలయ్యకు పనితనం ఎంత ఉండేదో, డాంబికం అంతకు రెండింతలు ఉండేది. పూత వేసే రసాయనం తొట్టిలోంచి పసుపుపచ్చని ఆవిరి లేచేది. అది పీల్చి పీల్చి అతని ముక్కు లోపలి గోడకు చిల్లు పడింది. ఆ చిల్లులో దారం దూర్చి, ఇవతలి నుంచి అవతలికి లాగి చూపించేవాడు. "చిల్లు పడనోడు మేస్త్రీ ఎట్లయితడు?" అనేవాడు. అతని మాస్కు మేకుకు వేలాడుతుండేది. అది చూసి కొత్త పనివాళ్ళు కూడా మాస్కులు తీసేసి, తమకెప్పుడు చిల్లు పడుతుందా అని ముక్కులు తడుముకునేవాళ్ళు.

నేను యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డు, సబ్బు కాగితం, ఏది కనబడితే అది చదివేసేదాన్ని. ఒకరోజు తమ్ముడికి అన్నం తీసుకెళ్తే, తొట్టి పక్కన రసాయనం డబ్బా మీద తెలుగు కాగితం కనబడింది. వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

"పీ… లిస్తే… ఊ… పి… రి… తి… త్తు…"

ఒత్తు వచ్చినా ఆగలేదు. ఒళ్ళు పులకరించింది. "పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చు!" మొత్తం చదివేశానన్న సంబరంలో చప్పట్లు కొట్టాను. ఆ తర్వాతే అర్థం తెలిసింది. చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఇరవై ఏండ్లసంది ఈడనే ఉన్న. నీకు ఓనమాలొచ్చి నాలుగు నెలలు. నువ్వు నాకు చెప్తవా అక్కా?" అని ఐలయ్య నవ్వాడు.

"ముక్కు గోడనే తొలిచింది, ఊపిరితిత్తుల్ని ముద్దు పెట్టుకుంటదారా?" అన్నాను.

అందరూ నవ్వారు. మాస్కు మేకు మీదే ఉండిపోయింది.

రెండేళ్ళకు ఐలయ్యకు దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా తగ్గలేదు. చివరికి డాక్టరు క్యాన్సర్ అన్నాడు. బాగా ముదిరిందన్నాడు.

షాపువాళ్ళంతా ఆస్పత్రికి వచ్చారు. "అక్కా, ఆ కాగితంల ఉన్నది వీళ్ళకు మళ్ళొకసారి చెప్పు" అన్నాడు ఐలయ్య. నాకు ఆ మాటలు కంఠతా వచ్చు. చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఉండబట్టలేక షాపుకు పరుగెత్తాను. మేకులన్నీ ఖాళీ! ప్రతి ముఖానికీ మాస్కు ఉంది. చప్పుడు చేస్తోందని ఎప్పుడో ఆపేసిన, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను తొట్టి మీద గిర్రున తిరుగుతోంది. ఆయాసపడుతూ వెళ్ళి తమ్ముడికి ఆ సంగతి చెప్పాను. అతని కళ్ళు, తను పూతవేసిన సామాన్లలాగే మెరిశాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. అతను నాతో అన్న ఆఖరి మాట ఇది:

"అక్కా, పనోని గొప్ప పనిల కనబడాలె. ఒంటికి పడ్డ చిల్లు గొప్ప కాదు, హెచ్చరిక."