దాలయ్య పట్టిన వంత

పైడిరాజు పాట సినిమాకెక్కింది. పెళ్లి ఊరేగింపుల్లో అదే, బస్సుల్లో అదే, విశాఖపట్నం బట్టల కొట్లలో చీరలు మడతపెట్టే పిల్లల నోట కూడా అదే. ఇంత అయ్యాక మనిషి సుఖంగా ఉండాలా, వద్దా? ఉండలేకపోయాడు. సొంత ఊరి అమ్మవారి సంబరంలో ఆ పాటే పాడితే, ఒక్కరూ గొంతు కలపలేదు. ఫోన్లు పైకెత్తి, పాతిన గుంజల్లా నిలబడి చూశారు.

జముకుల కథ నేర్పిన గురువు దాలయ్య ఆ ఊళ్లోనే, కొండ కింద వీధిలో ఉంటాడు. పైడిరాజు కారు దిగి, శాలువా, అరటిపళ్లు అరుగు మీద పెట్టి, కాళ్లకు దండం పెట్టాడు. పక్క అరుగు మీద ఎర్నమ్మ చింతకాయలు రాయితో కొట్టి గింజలు తీస్తోంది.

"కారు నీదేనేట్రా?"

"అద్దెది గురువుగోరూ."

"నయం. నీదైతే రోజూ సంతకి తిప్పమందును."

పైడిరాజు నవ్వలేదు.

"ఊరు నన్ను ఎలేసింది. సిటీలో పాడితే జనం గెంతుతారు. ఇక్కడ మూతులకి తాళం. మన పాట సినిమావోళ్లకి అమ్మేసినానని కడుపుమంట. వచ్చే సంబరానికి రమ్మన్నారు. రానని సెప్పేత్తాను, ఇంక ఈ ఊళ్లో పాడను. మీకూ నా మీద కోపమేనా?"

"నాకెందుకురా కోపం? మా మనవరాలి పెళ్లిలో ఆ పాటేసినారు. నేనూ గెంతినాను. మోకాళ్లనొప్పి మర్నాడు గానీ తెలీలేదు."

"నిజఁవే, ఆపలేకపోయాం," అంది ఎర్నమ్మ అటునుంచి.

దాలయ్య లోపలికెళ్లి జముకు తెచ్చాడు. చిన్న పీపాలా ఉంటుందది. ఓ పక్క తోలు బిగించి, దానికి నరం కడతారు. మీటితే గుమ్మంటుంది. దాన్ని శిష్యుడి చేతిలో పెట్టి, తను వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"పాడు. వంత నేను పడతాను."

"మీరు నాకు వంతేటి? తప్పు కదా."

"పాడ్రా."

మరి ఆ పాట తీరు చెప్పుకోవాలి. కథకుడు ఓ ముక్క పాడతాడు. వంతవాళ్లు ప్రశ్న అడుగుతారు. కథకుడు జవాబు పాడతాడు. దాలయ్య నేర్పింది అలాగే. పైడిరాజు మాత్రం సినిమాలోనూ సంబరంలోనూ పాడినట్టే, ఎక్కడా ఆగకుండా ఎత్తుకున్నాడు. గొంతు దానికే అలవాటుపడిపోయింది.

"ఏరు దాటిపోయె సూడు ఎర్రపాగ మావ, ఎండి గొలుసు తెత్తడంట..."

ఏరు దాటిందెవరని దాలయ్య "ఎవులమ్మా" అనబోయాడు. అప్పటికే మావ వచ్చేశాడు. "దేనికమ్మా" అనబోయాడు. గొలుసూ వచ్చేసింది. నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు.

ఎర్నమ్మ రాయి పక్కన పెట్టి నవ్వడం మొదలెట్టింది.

"ఏటి బావా, ఒడ్డున పడ్డ సేపలాగ నోరు తెరుస్తన్నావు, మాట రాదేటి?"

"సందు దొరకట్లేదే," అన్నాడు దాలయ్య తాపీగా.

పైడిరాజు వేళ్లు నరం మీదే ఆగిపోయాయి. ఎర్నమ్మ మళ్లీ రాయి అందుకుంది.

తర్వాత పైడిరాజు మొదటి నుంచి ఎత్తుకున్నాడు, నెమ్మదిగా.

"ఏరు దాటిపోయె సూడు..."

ఆగాడు. గురువు వైపు చూశాడు. ఆయన శిష్యుడు తెచ్చిన అరటిపండు ఒకటి ఒలుచుకుంటున్నాడు.

పక్క అరుగు మీద, తలెత్తకుండానే, ఎర్నమ్మ అంది.

"ఎవులమ్మా?"

వీధిలో నీళ్లబిందె దించుకుంటున్న మనిషెవరో, ఆవిడా అదే రాగంలో అడిగింది.

పైడిరాజు వీధి వైపు తిరిగి చూశాడు.

"అడుగుతన్నారు గదరా," అన్నాడు దాలయ్య. "సెప్పు."